కాగితం తిప్పిన చప్పుడు

5 సెప్టెంబరు 1983, సోమవారం

ఈ రోజు రేడియో నాటకం రికార్డింగులో టేపు రెండుసార్లు ఆపారు. రెండుసార్లూ నా వల్లే.

కొత్తగా వచ్చిన ప్రొడ్యూసరు అనంతరామన్ సారువి మామూలు చెవులు కావు. గబ్బిలానికి పెట్టాల్సినవి దేవుడు తొందరలో ఈయనకి తగిలించినట్టున్నాడు. అద్దాల గదిలోంచి వేలెత్తి, "ఎవరిదో కాగితం చప్పుడవుతోంది" అన్నాడు. మైకు ముందు ఉన్నది ఇద్దరం, అత్త మంగళం వేషానికి నేను, కోడలి వేషానికి ప్రేమ. "పేజీ చివర అందరూ కలిసి తిప్పితే ఆ ముక్క కోసేస్తాం. మాట మధ్యలో తిప్పుతున్నది ఎవరు?" అని అడిగాడు. నేను ప్రేమ వంక చూశాను. పాపం, ఆ పిల్ల తానేనేమో అనుకుని సారీ చెప్పింది.

రెండోసారి ఆయన ప్రేమను చూడలేదు. నా చేతుల వంకే చూశాడు.

నా కాగితం వేరే చోట తిరగక ఏం చేస్తుంది? వాళ్ల చేతిలో ఉన్నది అరవం. నా చేతిలో ఉన్నదీ ఆ అరవమే, కాకపోతే తెలుగక్షరాల్లో నేను రాసుకున్నది. వాళ్లకు మూడు పేజీలయితే నాకు అయిదు. పైన వాళ్లిచ్చిన కాగితం ఒకటి మూతలాగా పెట్టుకుంటాను. దాదాపు తొమ్మిదేళ్లుగా ఇదే పద్ధతి. ఈయనకి ముందు లోకనాథన్ సారు ఉన్నన్నాళ్లూ ఏ చప్పుడూ ఎవరికీ వినపడలేదు. మహానుభావుడు, రిటైరై వెళ్లిపోయాడు. ఒక చెవి కొంచెం మందం కూడా.

8 సెప్టెంబరు, గురువారం

పొద్దున స్టేషన్ అటెండరు ఇరుసప్పన్ సైకిలు మీద కాగితాలు తెచ్చిచ్చాడు. భోజనాలయ్యాక గిరిజ కాలు ముక్కాలిపీట మీద చాపుకుని కూర్చుంది. నేను నోటుబుక్కు తీశాను. ఆమె చదవడం, నేను రాసుకోవడం.

గిరిజ మా మరిది పెళ్లాం. ఈ అరవ ఊళ్లోనే పుట్టి అరవ బడిలో చదివింది. నేను సూళ్లూరుపేటలో నాలుగో తరగతి దాకా తెలుగు వెలగబెట్టి, పదహారో ఏట ఇక్కడికి కాపురానికొచ్చాను. అరవం మాట్లాడమంటే ఈ బజారులో పుట్టినవాళ్లకంటే బాగా మాట్లాడతాను. తిట్టమంటే ఇంకా బాగా. చదవమంటే మాత్రం నాకది ఎవరో తొక్కి చెరిపిన ముగ్గు. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. స్టేషన్లో ఎవరికీ తెలియదు.

"మెల్లిగా చదవే," అన్నాను.

"ఇంకెంత మెల్లిగా అక్కా? నువ్వు రాసే లోపల నా కాలు బాగైపోతాది."

ఆ కాలి సంగతి రాయడం నాకిష్టం లేదు. ఆడి నెలలో, అదే మన ఆషాఢంలో, ఒకరోజు "గిరిజా, పాలు పొంగతా ఉండాయి" అని వంటింటి వెనక నుంచి అత్తమ్మ గొంతు వినపడింది. గిరిజ పరిగెత్తింది, మెట్టు తప్పింది, చీలమండ విరిగింది. అత్తమ్మ పోయి మూడేళ్లయింది. కాలు విరిగినప్పటినుంచి ప్రతి శుక్రవారం గిరిజ ఆమె పటం ముందు దీపం పెట్టి, "నేనేం తప్పు చేస్తినమ్మా" అని అడుగుతోంది.

నేనేం చెయ్యను? పడమని నేను చెప్పానా?

ఈ ఇంట్లో తెలుగు మాట్లాడని వాళ్లు లేరు. చదవగలిగిన వాళ్లూ లేరు, నేను తప్ప. ఈ పుస్తకానికి అందుకే తాళం అక్కర్లేదు.

12 సెప్టెంబరు, సోమవారం

రికార్డింగు అయ్యాక అనంతరామన్ సారు అందరినీ కూర్చోబెట్టాడు. ఎదురుగా జాబుల కట్ట.

"మన నాటకం కథ ముందే బజారుకెక్కుతోంది. మంగళం తన కోడలికి పాయసంలో విషం పెడుతుందని పోయిన నెల ఎవరో పుట్టించారు. అలాంటి సీనే మనం రాయలేదు. చూడండి, నూటముప్పై జాబులు. అక్టోబరు మూడు నుంచి ఎవరి ఇంటికీ కాగితాలు రావు. సోమవారం పొద్దున టేబులు మీద ఉంటాయి. ఒక్కసారి చదువుకోండి, వెంటనే టేపు."

ఆ విషం పెట్టింది నేనే. పూలమ్మే కనగం రోజూ బుట్ట దించి "రేపేమవుతుంది అక్కా, ఒక్క ముక్క చెప్పు" అని ప్రాణం తీస్తుంటే, ఒకనాడు పాయసం, విషం, వెండి గిన్నె అన్నీ కలిపి చెప్పాను. ఆ వారం మల్లెపూలు రెండు మూరలు ఎక్కువే ఇచ్చింది. అది మార్కెట్టంతా పంచి పెడుతుందని నేను కలగన్నానా?

"మంచి పద్ధతి సార్, మాకూ ఇంట్లో పని తగ్గుతుంది" అన్నాను. నా నోరే అన్నది ఆ మాట.

13 సెప్టెంబరు

అన్నం సయించలేదు.

14 సెప్టెంబరు

అన్నం సయించలేదు. గిరిజ చేసిన పులుసు కూడా బాగాలేదు. ఆమెతో అన్నాను. "తిండి పోదు గాని నోరు మాత్రం పోతా ఉండాది" అన్నది.

19 సెప్టెంబరు, సోమవారం

ఇంకా రెండు సోమవారాలు.

మొదటిరోజు గుర్తొస్తోంది. డెబ్బై అయిదులో లోకనాథన్ సారు మా గొడుగుల కొట్టుకి గొడుగు బాగుచేయించుకోవడానికొచ్చాడు. వెనక ఇంట్లో నేను అత్తమ్మ గొంతుతో మా ఆయన్ని తిడుతున్నాను, తమాషాకి. మా ఆయన నిజంగా అత్తమ్మే అనుకుని కొట్టులోంచి "వస్తా ఉండానమ్మా" అని లేచి నిలబడ్డాడు. అత్తమ్మేమో పక్కనే తమలపాకులు నములుతోంది. లోకనాథన్ సారు గొడుగు సంగతి మరిచిపోయి, ఆ గొంతు ఎవరిదని అడిగాడు.

ఆడిషన్‌కి రమ్మన్నారు. ఒక కాగితం ఇచ్చి చదవమన్నారు. నా కళ్ల ముందు చెరిపిన ముగ్గు. "మీకు ఏ బాణీలో కావాలో ఒకసారి మీరే చదివి చూపించండి సార్" అన్నాను. ఆయన ముచ్చటపడి పేజీ మొత్తం చదివాడు. నేను కాగితం ముందు పెట్టుకుని, విన్నది విన్నట్టు అత్తమ్మ గొంతులో అప్పజెప్పాను. ఒక్క మాట పొల్లుపోలేదు. అక్కడికక్కడే ఫారం తెచ్చారు. 'తమిళం చదవడం, రాయడం వచ్చును' అన్న చోట ఆయనే టిక్కు పెట్టాడు. కింద నేను సంతకం పెట్టాను. తెలుగులోనే పెట్టాను. అందరూ సొగసుగా ఉందన్నారు.

గవర్నమెంటు కాగితం మీద అబద్ధం. జైలుంటుందా? మా ఆయన్ని అడిగితే, "వాళ్లకి నీకు రోజూ కూడు పెట్టే ఓపిక యాడిది" అన్నాడు. ఆ మనిషికి గొడుగులు తప్ప ఏదీ అర్థం కాదు.

తొమ్మిదేళ్లు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి మా నాటకం 'ఏడో నెంబరు ఇల్లు' మొదలైతే ఈ ఊళ్లో వీధి కుళాయి దగ్గర బిందె కనపడదు. మార్కెట్లో ముసలమ్మలు నన్ను చూసి మెటికలు విరుస్తారు. ఒకామె నా ముఖం మీదే తలుపేసింది. ఆరోజు ఇంటికొచ్చి పాయసం చేసుకుని తిన్నాను, అంత సంతోషం. ఇది పోతే నేనెవరిని? గొడుగుల దామోదరం పెళ్లాం మునెమ్మని. అది పోదు, సరే. కాని అదొక్కటే మిగులుతుంది.

24 సెప్టెంబరు, శనివారం

పథకం ఇది. గొంతులో పుండు, డాక్టరు మాట్లాడొద్దన్నాడు. ఒకటి రెండు నెలలు మంగళాన్ని కాశీకి పంపిస్తారు. ఆ లోపల అరవ అక్షరాలు నేర్చేసుకోవడం. నాటకం రాసే బాలకృష్ణన్ మాస్టారి ఇల్లు ఉప్పళంలో. గిరిజను రిక్షాలో కూర్చోబెట్టుకుని వెళ్లాను. నేను మాట్లాడకూడదు కాబట్టి మాట్లాడటానికి ఒకరు కావాలి కదా.

గిరిజ బాగానే మొదలుపెట్టింది. పుండు అన్నది, వేణ్ణీళ్లు అన్నది. మాస్టారు నిజంగా బాధపడ్డాడు. బడిపంతులు కదా, అడగడం మొదలుపెడితే ఆగడు. ఎన్నాళ్లుగా, ఏ డాక్టరు, నొప్పి మింగితేనా ఊరికేనా. గిరిజ తడబడింది. ఆయన లేచి, బల్ల మీదనుంచి కాగితమూ పెన్సిలూ తెచ్చి నా చేతికిచ్చాడు.

"మీరు నోరు మెదపొద్దమ్మా. రాసి చూపించండి, చాలు."

గొంతు పోయినట్టు నటించాలని మూడు రోజులు ఆలోచించినదాన్ని, గొంతు పోయినవాళ్లకి ఎవరైనా ముందు కాగితమే ఇస్తారని ఆలోచించలేదు. పెన్సిలు పట్టుకున్నాను. పట్టు చిక్కలేదు. నటన కాదు. పెన్సిలు జారి కింద పడింది. తీసుకోబోయాను, మళ్లీ పడింది. అప్పుడు తట్టింది. నా కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి, అది ఎవరిదో అన్నట్టు ఒళ్లో పెట్టుకున్నాను.

మాస్టారు నిలబడిపోయాడు. "కుడి చెయ్యి కూడానా?"

"అవున్సార్," అన్నది గిరిజ, నేను సైగ కూడా చెయ్యలేదు. "మొన్నటినుంచి కంచంలో అన్నం గూడా కలుపుకోలేక పోతా ఉండాది. నేనే తినిపిస్తా ఉండా."

తిరిగి చూశాను. ముఖంలో ఒక్క గీత కదలలేదు. తొమ్మిదేళ్ల సావాసం ఊరికే పోలేదు.

"అది పుండు కాదమ్మా. పక్షవాతం," అన్నాడు మాస్టారు. గొంతులో జాలి ఉంది. కళ్లలో మాత్రం కథ దొరికిన మెరుపు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన చేతిలో గొడుగు అలాగే పట్టుకుని కూలబడ్డాడు.

"ఇప్పుడు నీకు వాతమా? బజార్లో అందరూ అడుగుతారు గదే. నేనేం చెప్పాల?"

"అడిగినోళ్లకి గొడుగు అమ్ము."

"నాకు అబద్ధం రాదు మునెమ్మా."

"కొత్త గుడ్డ వేసిన పాత గొడుగుని మదరాసు గొడుగని అమ్మేటప్పుడు బాగానే వస్తాదే."

26 సెప్టెంబరు, సోమవారం

అనంతరామన్ సారు నన్ను తన గదికి పిలిచాడు. గిరిజ పక్కన నిలబడింది, నేను చెయ్యి వేలాడేసుకుని కూర్చున్నాను.

"కాశీ వద్దు. మంగళం ఇంట్లోనే పడిపోతుంది, మాట పోతుంది. మీరు మూలిగితే చాలు. మూలుగుకి కాగితం కూడా అక్కర్లేదు, చప్పుడూ ఉండదు," అని నా చేతుల వంక చూశాడు. "ఆరు వారాలు. నవంబరు ఏడున మంగళానికి మాట రావాలి. రాకపోతే కథలో ఆమెను చంపేద్దాం. ఎవరు మాత్రం ఎంతకాలం మూలుగు వింటారు?"

తలూపాను. బయటికొచ్చాక గిరిజ, "ఆయనకి తెలిసిందంటావా అక్కా?" అన్నది.

తెలియలేదు. తెలిస్తే చెప్పేవాడు. చెప్పడా?

3 అక్టోబరు, సోమవారం

పదకొండు ఊఁలు. నాలుగు ఆఁలు. ఒక దీర్ఘమైన నిట్టూర్పు, అది నేను సొంతంగా వేసింది. ప్రేమ పేజీలు పేజీలు చదివి ఏడ్చింది. నేను ఒక్క 'ఊఁ' అంటే సౌండు చూసే అబ్బాయి కళ్లు తుడుచుకున్నాడు. ఆ పిల్ల మాటలన్నీ నా మూలుగు కింద కొట్టుకుపోయాయి. మాటలు దండగ అనిపించింది.

కాని అయిదు వారాలే ఉన్నాయి.

6 అక్టోబరు, గురువారం

మా ఆయన ఒకటో తరగతి అరవ వాచకం కొనుక్కొచ్చాడు. కొట్టువాడు ఎవరికని అడిగితే ఇంట్లో పిల్లకని చెప్పాడట. అబద్ధం రాదన్నాడు కదా, వచ్చింది. నలభై ఎనిమిదేళ్ల పిల్ల.

గిరిజ చేతిలో బెత్తం బదులు గొడుగు కమ్మి.

"ఇది ఏందక్కా?"

"చెప్పినా గదా."

"చెప్పలా. నిన్న దీన్నే ఇంకొకటన్నావు." టక్కున బల్ల మీద.

"ఒకే అక్షరాన్ని ఒకచోట ఒకలాగ, ఇంకొకచోట ఇంకొకలాగ చదవమంటే నేనేం చేసేది? మా తెలుగులో దేనికది ఉండాది."

"మీ తెలుగుకి రేడియో స్టేషన్లో ఎంత గౌరవమో చూస్తానే ఉండాంగా. చదువు."

కమ్మి ఈసారి బల్ల మీద పడలేదు. వేళ్ల మీద పడింది. గట్టిగానే పడింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆమె కాలు ఇంకా పీట మీదే ఉంది.

10 అక్టోబరు, సోమవారం

బాహూరు నుంచి ఆరుగురు ఆడవాళ్లు బస్సు దిగి నేరుగా ఇంటికొచ్చారు. కనగం దారి చూపించింది, ఇంకెవరు. విబూది, కొబ్బరిచిప్పలు, కొత్త బియ్యం. నా ముందు కూర్చుని ఏడ్చారు. ఒక పెద్దావిడ నా కాళ్లు పట్టుకుంది.

"నీ నోరు పడిపోవాలని నేనే రోజూ తిట్టాను తల్లీ. రేడియో ముందు కూర్చుని మట్టి ఎత్తి పోశాను. నా శాపమే తగిలింది నీకు. క్షమించానని తల ఊపు."

తల ఊపాను. ఆవిడ వెళ్లేదాకా ఊపుతూనే ఉన్నాను. కనగం నా కుడి మణికట్టుకి పసుపుతాడు కట్టి, ఎదురుగా కూర్చుని కంచంలో నేను ఎడమచేత్తో ఎలా తింటానో చూసింది. ఈ వయసులో ఎడమచేత్తో రసం అన్నం.

దేవుడా, ఇది తమాషాకి. నువ్వు మనసులో పెట్టుకోకు.

13 అక్టోబరు

పొద్దున లేస్తే కుడిచెయ్యి మొద్దుబారి ఉంది. దాని మీద పడుకున్నాను కాబట్టి. దాని మీద పడుకున్నాను కాబట్టే.

20 అక్టోబరు, గురువారం

నాలుగు రోజులుగా ఒకటే పురుగు. గిరిజ నాకు తప్పుగా నేర్పుతుంటే? రెండు అక్షరాలు అటుదిటు ఇటుదటు చేసి నేర్పితే నాకెలా తెలుస్తుంది? కాలు సంగతి ఆమె కనిపెట్టేసి, ఇన్నాళ్లూ లోపల పెట్టుకుని, మైకు ముందు నన్ను నవ్వులపాలు చెయ్యాలని చూస్తుంటే? ఆమె స్థానంలో నేనుంటే మొదటిరోజే చేసేదాన్ని.

వాన వస్తున్నా ఆగలేక బస్‌స్టాండుకి వెళ్లాను. అక్కడైతే పరీక్ష సులభం. బోర్డు చూసి మనసులో చదువుకోవడం, కండక్టరు ఏ ఊరని అరుస్తాడో వినడం. మొదటి బస్సు కదిలిపోయింది, పూర్తి చెయ్యలేకపోయాను. రెండోది నిలబడి ఉంది. ఒక్కొక్క అక్షరం పట్టుకున్నాను. బా. హూ. రు. కండక్టరు "బాహూర్, బాహూర్" అని తలుపు మీద కొట్టాడు. ఆ తరువాత ఇంకో మూడు. అన్నీ సరిపోయాయి. గిరిజ ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

సిగ్గేసింది. సంతోషం కూడా వేసింది. ఆ సంతోషంలో నాలుగోది పైకే చదివేశాను.

"అత్తా, మాట వచ్చిందా?"

వెనక ప్రేమ, గొడుగు పట్టుకుని. నాటకంలో పిలిచినట్టే బయటా నన్ను అత్తా అనే పిలుస్తుంది. నేను వెంటనే చెయ్యి వేలాడేశాను. ఏ చెయ్యో తోచలేదు. రెండూ వేలాడేశాను.

"చాలాసేపటినుంచి చూస్తున్నాను. బస్సు బోర్డు అంతసేపు చదవాలా అత్తా?"

నేను ఊఁ అన్నాను.

ఆ పిల్ల నా వంక చూసింది, బోర్డు వంక చూసింది, మళ్లీ నా వంక చూసింది. ఎంత తెలివితక్కువదని ఇన్నాళ్లూ అనుకున్నాను. "ఓహో. కాగితం చప్పుడు," అన్నది మెల్లిగా. "ఆరోజు నాతో సారీ చెప్పించారు."

నేను మళ్లీ బస్సు బోర్డు వంక చూశాను.

"నా కాఫీలో ఇంక ఉప్పు పడదు కదా అత్తా?"

ఇన్నాళ్లూ ఉప్పు కలిపింది నేనేనని కూడా తెలుసన్నమాట. పడదని తల ఊపాను. గొడుగు నా చేతిలో పెట్టి తను పరిగెత్తి బస్సెక్కింది. మా కొట్టు గొడుగే. మదరాసు గొడుగని మా ఆయన అమ్మింది.

24 అక్టోబరు

ప్రేమ స్టేషన్లో ఏమీ అనలేదు. అనంతరామన్ సారుతో ఏదో మాట్లాడుతూ నవ్వింది. ఏం మాట్లాడిందో.

28 అక్టోబరు, శుక్రవారం

స్టూడియో పక్క తలుపు మీద ఎర్రరంగుతో రాసి ఉన్నది సోమవారం చూసి మనసులో పెట్టుకొచ్చాను. ఈ రోజు పూర్తిగా కూడింది. 'ఈ దారిన రాకూడదు' అని. తొమ్మిదేళ్లుగా ఆ దారినే వెళుతున్నాను.

4 నవంబరు, దీపావళి

తలంట్లు అయ్యాయి. గిరిజ ఈ రోజు కర్ర లేకుండా నడిచింది. నడిచి నేరుగా అత్తమ్మ పటం దగ్గరికే వెళ్లింది. దీపం పెట్టి, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"అక్కా, అత్తమ్మ గొంతు నీకు ఎప్పుడన్నా వినపడిందా?"

నా నోట్లో అధిరసం, అదే మన అరిసె, ఉంది. అది నమిలాను. నమలాల్సినదానికంటే ఎక్కువసేపు నమిలాను.

"నా మీద అంత కోపమేందో ఆమెకి. చచ్చేదాకా చాకిరీ చేసినా గదా," అన్నది గిరిజ.

సోమవారం దాకా. సోమవారం అయిపోనీ, చెబుతాను. ఇప్పుడు చెబితే కమ్మి అవతల పారేసి పోతుంది. ఇంకా ఒత్తులే సరిగా రాలేదు. అరవంలో ఒత్తులు లేవని గిరిజ అంటుంది. చూశావా, అది కూడా రాలేదు నాకు.

పడమని నేను చెప్పలేదు.

7 నవంబరు, సోమవారం

పొద్దున నాలుగుసార్లు మంచినీళ్లు తాగాను, ఒకసారి కక్కుకున్నాను.

కాగితాలు టేబులు మీద ఉన్నాయి. అనంతరామన్ సారే తీసి నా చేతికిచ్చాడు. "మాట వచ్చిందా అమ్మా?"

"కొంచెం," అన్నాను. ఆరు వారాల తరువాత స్టేషన్లో నేనన్న మొదటి మాట. ఇరుసప్పన్ ముక్కు చీదాడు. "రిహార్సల్ వద్దు సార్. రెండుసార్లు మాట్లాడే ఓపిక లేదు," అని కూడా అన్నాను. ఆయన ఒక్క నిమిషం నన్ను చూసి, సరే అన్నాడు.

ఎర్ర దీపం వెలిగింది. నా చేతిలో వాళ్ల కాగితం ఒక్కటే. కింద ఇంకేమీ లేదు. అంత తేలిగ్గా ఉంటే భయమేసింది.

ప్రేమ తన మాట చెప్పి ఆగింది. నా వంతు. మొదటి అక్షరం పట్టుకున్నాను. తరువాతది. మాట అయ్యింది. ఇంకో మాట. చెమట కళ్లలోకి కారుతోంది, తుడుచుకుంటే వరస పోతుంది. వాక్యం ఎటు పోతోందో నాకు తెలియదు. తొమ్మిదేళ్లలో మంగళం ఏం చెప్పబోతోందో ముందు తెలియకుండా నేను నోరు తెరిచింది ఈ రోజే.

"అమ్మా... నిన్ను... నేను... చాలా... బాధ... పెట్టాను."

చివరి మాట కూడుకున్నాక గాని నేను క్షమాపణ చెబుతున్నానని నాకు తెలియలేదు. తరువాతి అక్షరాలు కనపడలేదు. ప్రేమ ఆగింది, నన్ను తొందరపెట్టలేదు. నెమ్మదిగా మిగతావి కూడుకున్నాను. "చెప్పడానికి... ఇన్నాళ్లు... పట్టింది."

పేజీ అయిపోయింది. ప్రేమ చెయ్యి కదిలింది, మామగారి వేషం వేసే నటేశన్ చెయ్యి కదిలింది, నా చెయ్యి కదిలింది. మూడు కాగితాలూ ఒక్కసారే తిరిగాయి. ఒక్కటే చప్పుడు.

దీపం ఆరాక అనంతరామన్ సారు గదిలోంచి బయటికొచ్చాడు. "వాతం వచ్చి మాట తిరిగొస్తున్నవాళ్లు అచ్చం ఇలాగే మాట్లాడతారు. నటన అనిపించలేదు. వచ్చే వారం ఇంకొంచెం వేగంగా చదవండి. మెల్లమెల్లగా బాగవుతున్నట్టు ఉండాలి."

చదవండి అన్నాడు. మాట్లాడండి అనలేదు. రిక్షా ఇల్లు చేరేదాకా అదే ఆలోచన.

మెట్ల దగ్గర ప్రేమ నా చెవిలో, "నాలుగో లైనులో ఒక మాట మింగేశారు అత్తా" అన్నది.

"వాతం," అన్నాను.

11 నవంబరు, శుక్రవారం

ఒంటిగంటన్నరకి అందరం రేడియో ముందు కూర్చున్నాం. మా ఆయన కొట్టు మూసుకొచ్చాడు, వానాకాలంలో. నా మాటలు వస్తుంటే గిరిజ పెదవులు నాతోపాటు కదిలాయి, వాచకం చెప్పించినప్పటిలాగే. అయ్యాక కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మంగళమే చెప్పేసింది. మా అత్తమ్మ చెప్పలా."

నేను లేచి రేడియో ఆపాను.

"నా ఫీజు యాడక్కా?" అన్నది.

"ఏం కావాలే?"

"నీ అక్షరాలు నాకు నేర్పు. పుట్టినప్పటినుంచి తెలుగే మాట్లాడతా ఉండా, నా పేరు రాసుకొనేదానికి రాదు. ఆ పుస్తకంలో దినామూ ఏం రాస్తా ఉండావో గూడా చూడాల."

ఊరికే అన్నదా, తెలిసి అన్నదా? ముఖం చూశాను. బాలకృష్ణన్ మాస్టారి ఇంట్లో చూసిన ముఖమే. ఒక్క గీత కదలలేదు.

12 నవంబరు

మూడు దారులున్నాయి. పుస్తకం పొయ్యిలో పెట్టడం. నేర్పకుండా తప్పించుకోవడం. లేదా నేర్పడం, రెండక్షరాలు అటుదిటు చేసి.

మూడోది నాకు బాగా నచ్చింది. పొద్దున్నుంచి ఏ రెండక్షరాలా అని ఆలోచిస్తున్నాను.

13 నవంబరు

బస్సు బోర్డులు గుర్తొచ్చాయి. నాలుగు చూశాను. నాలుగూ సరిపోయాయి.

14 నవంబరు, సోమవారం

రికార్డింగు బాగా జరిగింది. మంగళం కొంచెం వేగంగా మాట్లాడింది.

సాయంత్రం గిరిజకు అ ఆలు మొదలుపెట్టాను. ఈసారి కమ్మి నా చేతిలో. ఒక్కసారి కూడా కొట్టలేదు. ఒక్కసారి కొట్టాను.

28 నవంబరు, సోమవారం

గిరిజా, నువ్వు ఈ పేజీ దాకా వచ్చావంటే అక్షరాలు నేను తిన్నగానే నేర్పానన్నమాట. అది ముందు గుర్తు పెట్టుకో.

ఆడి నెలలో పాలు పొంగుతున్నాయని పిలిచింది అత్తమ్మ కాదు. నేను. పొయ్యి మీద పాలే లేవు. నువ్వు ఉలిక్కిపడితే నవ్వుకుందామని చేశాను. పడమని నేను చెప్పలేదని ఈ పుస్తకంలో ఎన్నిసార్లు రాసుకున్నానో ఇక్కడికొచ్చేలోపల నువ్వే చదివి ఉంటావు. మంగళం చేత చెప్పించడానికి వాతం కావాల్సి వచ్చింది. నాకు నీ చదువు కావాల్సి వచ్చింది. నోటితో చెబుదామని నాలుగుసార్లు వంటింటి దాకా వచ్చాను, ప్రతిసారీ ఇంకేదో అన్నాను. నిన్న పులుసులో ఉప్పెక్కువైందన్నది అందుకే. ఉప్పు సరిగ్గానే ఉంది.

అత్తమ్మను ఇంక అడగొద్దు. ఆమెకేమీ తెలియదు. నీ మీద కోపం కూడా లేదు.

కూడుకుని కూడుకుని చదువుతావు, చాలాసేపు పడుతుంది. నేను పక్క గదిలోనే కూర్చుని ఉంటాను. ఈ కాగితం తిప్పిన చప్పుడు నాకు వినపడుతుంది. గొడుగు కమ్మి తలుపు వెనక మేకుకి ఉంది.